ఏఆర్‌టీ మందులు వాడుతున్న పిల్లల్లో ఒంటి తీరు మారడం, ఎదుగుదల ఆగడం: తెలిసినవారు చెప్పగలరు

లంకగట్టు పిన్ని · జూన్ 21

అందరికీ నమస్కారమండీ. మాది రాజోలు వైపు ఒక లంక గ్రామం. మా అక్కా బావా పోయాక వాళ్ల అబ్బాయిని నేనే పెంచుకుంటున్నాను. వాడికి పదమూడేళ్లు నిండాయి. నాలుగో ఏట నుంచి హెచ్‌ఐవీని అణిచి ఉంచే ఏఆర్‌టీ మందులు వాడుతున్నాడు. మూడేళ్ల కిందట వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) పెరిగిందని మందులు మార్చారు. ఇప్పుడు అబాకవిర్, లామివుడిన్‌లతో పాటు లోపినావిర్-రిటోనావిర్ మాత్రలు వేస్తున్నాను. ఒక్క పూట కూడా తప్పించలేదు. వైరల్ లోడ్ ఇప్పుడు పరీక్షకు అందనంత తక్కువగా ఉందని చెప్పారు.

అయితే ఏడెనిమిది నెలలుగా వాడి ఒళ్లు మారిపోతోంది. ముఖం గుండ్రంగా ఉబ్బింది, పొట్ట ముందుకు వచ్చింది, మెడ వెనక చిన్న గడ్డలా కొవ్వు చేరింది, కాళ్లూ చేతులూ మాత్రం సన్నగానే ఉన్నాయి. పోయిన జూన్‌లో కుట్టించిన స్కూలు ప్యాంటుకు నడుము దగ్గర గుండీ పట్టడం లేదు కానీ, పొడవు మాత్రం ఇప్పటికీ చీలమండ దగ్గర సరిగ్గా సరిపోతోంది. చుట్టుపక్కలవాళ్లు చూసి "పిల్లాడు బాగా పుంజుకున్నాడు, నీ చేతి చలవ" అంటున్నారు. నాకు మాత్రం అది పుంజుకోవడంలా అనిపించడం లేదు. వాడి ఈడు పిల్లలకు గొంతు మారుతోంది, మూతి మీద నూగు వస్తోంది, వీడికి ఇంకా ఏమీ లేదు. ఇది మందుల వల్లనేనా? ఎవరిని అడగాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

కొబ్బరితోట · జూన్ 21

అమ్మా, మా బంధువుల్లో ఒకాయనకు ఇలాగే పొట్ట వచ్చింది. ఒక నెల మాత్రలు ఆపి, పసరు వైద్యం చేయించుకుంటే తగ్గిందని చెప్పారు. పిల్లవాడికి కూడా కొన్నాళ్లు విరామం ఇచ్చి చూడవచ్చేమో అనిపిస్తోంది. నాకు తెలిసినంతలో చెప్పాను.

కౌన్సెలర్ అక్క · జూన్ 21

కొబ్బరితోట గారూ, మీరు మంచి మనసుతోనే రాశారు కానీ, ఈ సలహాను ఎవరూ పాటించవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. పన్నెండేళ్లుగా గోదావరి జిల్లాల్లో పిల్లలతో పనిచేస్తున్నాను. మాత్రలు నెల రోజులు ఆపితే, అణిగి ఉన్న వైరస్ కొద్ది వారాల్లోనే మళ్లీ రక్తంలో పెరుగుతుంది. మందు అరకొరగా ఉన్న రోజుల్లో అది ఆ మందుకు లొంగని రూపం తెచ్చుకునే అవకాశం కూడా ఉంది. పైగా ఈ అబ్బాయి ఇప్పటికే రెండో వరస మందుల మీద, అంటే మొదటివి పనిచేయనప్పుడు ఇచ్చే వాటి మీద ఉన్నాడు. అతని ముందున్న దారులు ఇప్పటికే కొన్ని మూసుకున్నాయి. పిన్ని గారూ, మీరు మందు తప్పించకుండా వేయడం వల్లనే వైరల్ లోడ్ అణిగింది. ఒంటి తీరు మారడానికి వేరుగా కారణం వెతుకుదాం.

భీమవరం అమ్మాయి · జూన్ 22

పిన్నీ, మీరు రాసింది చదివి రాత్రి నిద్ర పట్టలేదు. నా సంగతి చెబుతాను, మీకు ఎంతవరకు ఉపయోగపడుతుందో చూడండి.

నాకు ఇప్పుడు ఇరవై అయిదేళ్లు. పుట్టుకతోనే నాకు హెచ్‌ఐవీ ఉంది. మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్‌లో మొదలైంది, పిల్లలకు ప్రత్యేకంగా మందులిచ్చే కార్యక్రమం 2006 నవంబరులో వచ్చింది. ఆ మరుసటి ఏడు, నా ఏడో ఏట, నాకు స్టావుడిన్, లామివుడిన్, నెవిరపిన్ కలిసిన మాత్రలు మొదలుపెట్టారు. ఆ మాత్రలే నన్ను బతికించాయి. అంతకు ముందు సంవత్సరం నేను నడవలేక మా తాతయ్య భుజం మీద ఆసుపత్రికి వెళ్లేదాన్ని.

పదకొండో ఏట నుంచి నా బుగ్గలు లోపలికి పోవడం మొదలైంది. కణతల దగ్గర గుంటలు పడ్డాయి. ముంజేతుల మీద నరాలు తాళ్లలా పైకి తేలాయి. అమ్మమ్మ సంక్రాంతికి వేయించిన గాజులు చెయ్యి పైకెత్తితే మోచేతి దాకా జారిపోయేవి. అన్నం మాత్రం బాగానే తినేదాన్ని, జ్వరాలు లేవు, రోగనిరోధక శక్తిని చూపే సీడీ4 లెక్క కూడా బాగుండేది. అందుకే ఎవరూ దాన్ని జబ్బుగా చూడలేదు. "పిల్ల ముసలిదానిలా అయిపోయింది" అని మాత్రం అనేవారు. ఆ తరవాత దేశమంతటా స్టావుడిన్ మాన్పిస్తున్నారని నాకూ మందు మార్చారు. బుగ్గలు పూర్తిగా రాలేదు. ఏళ్ల మీద కొంత నిండాయి, అంతే.

దానికంటే ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. పదహారేళ్లు వచ్చినా నేను పెద్దమనిషిని కాలేదు. మన వైపు ఆ సంగతి దాచుకునేది కాదు కదా. నాకంటే చిన్నవాళ్లకు ఓణీల వేడుకలు జరుగుతుంటే, పేరంటానికి వెళ్లిన ప్రతిచోటా "మీ పిల్ల సంగతేమిటి" అని అమ్మమ్మను అడిగేవారు. పదో తరగతిలో ఒకమ్మాయి నా ముఖం చూసి, టీవీలో చూపించే ఆ జబ్బువాళ్లలా ఉన్నానని అందరి ముందూ అంది. ఆ రోజు నుంచి నాలుగు నెలలు మాత్రలు మింగకుండా మా పెరట్లో పంటబోదెలో పారేశాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. చివరికి నోటి నిండా పూత వచ్చి, గుటక పడక, ఆసుపత్రిలో చేరాక నిజం చెప్పాను.

నేను అడిగేది ఒక్కటే. ఆ అబ్బాయితో వాడి ఒంటి గురించి మాట్లాడండి. వాడు అద్దంలో చూసుకుంటూనే ఉంటాడు, అడగడానికి భయపడుతుంటాడు.

చిన్నపిల్లల డాక్టర్, కాకినాడ · జూన్ 22

పిన్ని గారూ, పిల్లవాడిని చూడకుండా ఇది ఫలానా అని నేను చెప్పకూడదు, చెప్పను. అయితే మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. దాని సంగతికి ముందు, భీమవరం అమ్మాయికి జరిగినదీ మీ అబ్బాయికి జరుగుతున్నదీ ఒకటి కాదని వివరించాలి, ఎందుకంటే బయటికి అన్నిటినీ "మందు వల్ల ఒళ్లు మారడం" అనే ఒకే మాటతో సరిపెడతాం.

ఆ అమ్మాయికి జరిగింది చర్మం కింది కొవ్వు కరిగిపోవడం. స్టావుడిన్, కొంత తక్కువగా జిడోవుడిన్, వైరస్ తన నకలు తీసుకోకుండా అడ్డుకునే మందులు. వైరస్ ఎంజైమును ఆపే క్రమంలో ఇవి మన కణాల్లో మైటోకాండ్రియా తన డీఎన్‌ఏను నకలు తీసుకోవడానికి వాడే పాలిమరేజ్ గామా అనే ఎంజైమును కూడా కొంత అడ్డగిస్తాయి. మైటోకాండ్రియా అంటే కణానికి శక్తినిచ్చే పొయ్యి వంటిది. అది చల్లబడితే కొవ్వు కణం క్షీణించి చనిపోతుంది. బుగ్గలు, చేతులు, తొడలు, పిరుదులు ముందుగా తగ్గుతాయి. పెద్దవాళ్లలో ఈ మార్పులను 1998 నాటికే వైద్యులు వివరించారు. 2009 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్టావుడిన్‌ను క్రమంగా మాన్పించమని దేశాలకు సూచించింది. ఇప్పుడు పిల్లలకు ఎక్కువగా ఇస్తున్న అబాకవిర్, టెనోఫోవిర్‌లకు ఈ దోషం దాదాపుగా లేదు. చనిపోయిన కొవ్వు కణాల చోట కొత్తవి రావడానికి ఏళ్లు పడుతుంది, ముఖంలో పూర్తిగా రాకపోవచ్చు కూడా. కనుక ఆమె చెప్పినట్టే జరుగుతుంది.

కొవ్వును మనం కేవలం నిల్వగా చూస్తాం కానీ, అది హార్మోన్లు తయారుచేసే అవయవం కూడా. కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోనును రక్తంలోకి పంపుతాయి, ఒంట్లో తగినంత నిల్వ ఉందని మెదడుకు తెలిసేది దానివల్లే. యుక్తవయసు మొదలు కావడానికి మెదడుకు ఆ కబురు అందడం ఒక అవసరం. దీనికి తోడు హెచ్‌ఐవీ అదుపులో లేని ఏళ్లలో ఒళ్లంతా ఉండే వాపు స్థితి, పదేపదే వచ్చే విరేచనాలు, తిండి ఒంటబట్టకపోవడం కలిసి పెరుగుదల హార్మోను పనిని మందగింపజేస్తాయి. ఉగాండా, జింబాబ్వేలలో ఆరో అనే పెద్ద అధ్యయనంలో పిల్లలను ఏళ్ల తరబడి గమనించినప్పుడు, మందులు ఆలస్యంగా మొదలైన పిల్లల్లో యుక్తవయసు కూడా ఆలస్యమైనట్టు తేలింది. అంటే ఆలస్యానికి ప్రధాన కారణం జబ్బు. మందును తొందరగా మొదలుపెట్టడమే దానికి విరుగుడు. ఈ మాట భీమవరం అమ్మాయి అమ్మమ్మ గారికి ఆనాడే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

ఇక మీ అబ్బాయి. లోపినావిర్-రిటోనావిర్ వంటి మందుల వల్ల పొట్ట లోపల, మెడ వెనక కొవ్వు చేరడం, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు పెరగడం జరుగుతాయి, నిజమే. కానీ మామూలుగా ఒళ్లు చేసే పిల్లవాడు పొడవు కూడా పెరుగుతాడు, చాలాసార్లు తోటివారి కంటే కొంచెం ఎక్కువే. ఏడాది ప్యాంటు నడుము దగ్గర బిగుసుకుని పొడవు మాత్రం అలాగే సరిపోతోందని మీరు రాశారు. బరువు పెరుగుతూ పొడవు ఆగిన పిల్లవాడిని చూస్తే నాకు కార్టిసాల్, అంటే ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ హార్మోను, గుర్తుకొస్తుంది. దయచేసి చెప్పండి: ఏఆర్‌టీ కేంద్రంలో ఇచ్చేవి కాకుండా అబ్బాయి ఇంకేమైనా వాడుతున్నాడా? ఆయాసానికి పీల్చే మందు, ముక్కులో కొట్టే స్ప్రే, దురదకు పూసే లేపనం, మోకాలికి లేదా భుజానికి ఇంజెక్షన్, ఆకలి పుట్టడానికని ఊళ్లో ఇచ్చిన బలం మాత్రలు, ఏదైనా సరే.

లంకగట్టు పిన్ని · జూన్ 23

డాక్టర్ గారూ, మీరు అడిగాక ఇల్లంతా వెతికి చూశాను. మా ఇంటికి రెండిళ్ల అవతల కొబ్బరిపీచు మిల్లు ఉంది. ఆ ధూళికి వీడికి పొద్దున లేస్తే తుమ్ములు, ముక్కు దిబ్బడ. పది నెలల కిందట ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపిస్తే రోజూ రాత్రి ముక్కులో కొట్టుకోమని ఒక స్ప్రే రాశారు. బాగా గుణం కనిపించడంతో అదే చీటీ చూపించి మందుల షాపులో కొంటూ వస్తున్నాం. సీసా మీద చిన్న అక్షరాల్లో ఫ్లూటికసోన్ అని ఉంది. అది ముక్కు మందే కదా అని ఏఆర్‌టీ కేంద్రంలో ఎప్పుడూ చెప్పలేదు. ఆ ప్రైవేటు ఆసుపత్రిలో వీడు ఈ మాత్రలు వాడుతున్నాడని చెప్పలేదు. అక్కడ మా ఊరివాళ్లు నలుగురు కూర్చుని ఉన్నారు, నోరు రాలేదు.

చిన్నపిల్లల డాక్టర్, కాకినాడ · జూన్ 23

అమ్మా, దీనిని రేపే చూపించాలి. కానీ ముందుగా ఒక మాట: స్ప్రేను గానీ ఏఆర్‌టీ మాత్రలను గానీ మీ అంతట మీరు ఈ రాత్రి ఆపవద్దు. ఎందుకో చెబుతాను.

ఫ్లూటికసోన్ ఒక స్టెరాయిడ్. మామూలు పిల్లల్లో ముక్కులో కొట్టిన మందులో ఒంట్లోకి వెళ్లే కొంచెం భాగాన్ని కాలేయంలోని సీవైపీ3ఏ4 అనే ఎంజైము వెంటనే విరిచేస్తుంది, అందుకే అది సురక్షితమైన మందు. రిటోనావిర్ పని సరిగ్గా ఆ ఎంజైమును అడ్డుకోవడమే; లోపినావిర్ ఒంట్లో ఎక్కువసేపు నిలవాలని దానిని కలుపుతారు. అది ఫ్లూటికసోన్‌ను కూడా విరగనివ్వదు. దాంతో ముక్కు మందు నెలల తరబడి రక్తంలో పేరుకుని, స్టెరాయిడ్ మాత్రలు మింగినట్టే పనిచేస్తుంది. ముఖం గుండ్రంగా ఉబ్బడం, పొట్ట, మెడ వెనక గడ్డ, పొడవు ఆగడం, యుక్తవయసు ఆలస్యం కావడం అన్నీ దాని వల్ల రావచ్చు. బ్యుడెసోనైడ్‌తోనూ, కీళ్లలో వేసే ట్రయామ్‌సినలోన్ ఇంజెక్షన్‌తోనూ ఇదే ప్రమాదం ఉంది.

బయటి నుంచి అంత స్టెరాయిడ్ అందుతున్నప్పుడు, మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు తమ కార్టిసాల్ తయారీని మానుకుంటాయి. ఆ స్థితిలో స్ప్రే ఒక్కసారిగా ఆపినా, రిటోనావిర్ ఆపి ఫ్లూటికసోన్ ఒంట్లోంచి చప్పున పోయేలా చేసినా, పిల్లవాడికి కార్టిసాల్ బొత్తిగా ఉండదు. మామూలు జ్వరమో వాంతులో వస్తే రక్తపోటు, చక్కెర పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఉదయం ఎనిమిది గంటల వేళ కార్టిసాల్ పరీక్ష చేసి, అవసరమైతే కార్టిసాల్‌కు బదులుగా పనిచేసే హైడ్రోకార్టిసోన్ అండగా ఇస్తూ, తరవాతే మార్పులు చేస్తారు. రేపు ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్లేటప్పుడు స్ప్రే సీసాను చేతిలో పట్టుకుని వెళ్లండి. ఈలోగా వాంతులు, విపరీతమైన నీరసం, కళ్లు తిరగడం కనిపిస్తే ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, స్టెరాయిడ్ సంగతి మొదటి మాటగా చెప్పండి.

పాలకొల్లు నాన్న · జూన్ 25

ఇదంతా చదివాక నా అనుమానం కూడా అడుగుతున్నాను. మా అమ్మాయికి పన్నెండేళ్లు. రెండేళ్ల కిందట అబాకవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్‌లకు మార్చారు. అప్పటి నుంచి బరువు బాగా పెరిగింది. ఒక్కచోట అని కాదు, ఒళ్లంతా వచ్చింది. పొడవు కూడా పెరుగుతోంది. ఈ మధ్య మెడ చుట్టూ, చంకల్లో నల్లగా, మందంగా అయింది. మురికి అనుకుని మా అమ్మ ప్రతి ఆదివారం సున్నిపిండితో ఎర్రగా కందేదాకా రుద్దుతోంది, పిల్ల ఏడుస్తోంది, నలుపు మాత్రం పోవడం లేదు. డోలుటెగ్రవిర్ మాన్పించమని అడగమంటారా?

చిన్నపిల్లల డాక్టర్, కాకినాడ · జూన్ 26

ముందుగా అమ్మ గారిని రుద్దడం మానమనండి. అది మురికి కాదు. రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా ఉన్నప్పుడు మెడ, చంకల చర్మం అలా మందమై నల్లబడుతుంది. ఒంటికి ఇన్సులిన్ పట్టడం తగ్గితే, క్లోమం మరింత ఇన్సులిన్ పోస్తుంది. యుక్తవయసులో ఇన్సులిన్ పట్టు సహజంగానే కొంత తగ్గుతుంది కనుక పన్నెండేళ్ల ఈడులో ఇది బయటపడుతుంది. పరగడుపున చక్కెర, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెర), కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు చూపించండి.

డోలుటెగ్రవిర్ విషయంలో తొందరపడవద్దు. పెద్దవాళ్లలో, ముఖ్యంగా స్త్రీలలో, ఈ మందు మొదలుపెట్టాక బరువు పెరగడం దక్షిణాఫ్రికాలో జరిగిన అధ్యయనంలో స్పష్టంగా కనిపించింది. పిల్లల్లో జరిగిన ఒడిస్సీ పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. వైరస్‌ను అదుపు చేయడంలో ఈ మందు ఇతర మందుల కంటే మెరుగని తేలింది, బరువులో తేడా మాత్రం కొద్దిపాటిదే. మీ అమ్మాయి పొడవు పెరుగుతోంది, కొవ్వు అన్నిచోట్లా సమంగా ఉంది అన్నారు. వైరస్ అణిగాక తిండి ఒంటబట్టి పెరిగిన బరువు ఎంత, సాయంత్రం బడి నుంచి వచ్చాక తాగే కూల్‌డ్రింకులు, వేయించిన తినుబండారాలు తెచ్చిన బరువు ఎంత అన్నది నిజాయితీగా చూసుకోవాలి. మన వైపు రెండు పూటలా తెల్లటి పాలిష్ బియ్యం, ఆదివారం కొబ్బరిపాలతో బిర్యానీ, పండక్కి పూతరేకులు ఉంటాయి. పండగ పూట పూతరేకు వల్ల ఏమీ కాదు. రోజూ తాగే తీపి నీళ్ల వల్లే అవుతుంది.

ఒకవేళ చక్కెర పెరిగి, దాన్ని తగ్గించే మెట్‌ఫార్మిన్ రాయవలసి వస్తే, రాసే డాక్టరుకు డోలుటెగ్రవిర్ సంగతి తప్పక చెప్పండి. అది మెట్‌ఫార్మిన్‌ను ఒంట్లో పెంచుతుంది, అందుకే మోతాదు తగ్గించి ఇవ్వాలి. ఐరన్, కాల్షియం మాత్రలు ఇస్తుంటే డోలుటెగ్రవిర్‌తో పాటు అన్నం తిన్నాక కలిపి వేయవచ్చు. పరగడుపున అయితే డోలుటెగ్రవిర్ వాటికి రెండు గంటల ముందైనా, ఆరు గంటల తరవాతైనా పడాలి.

ముమ్మిడివరం అన్న · జూన్ 28

మా తమ్ముడి గురించి అడుగుతున్నాను. పదిహేనేళ్లు. ఎఫావిరెంజ్ ఉన్న మాత్రలు చాలాకాలం వాడాడు, ఇప్పటికీ వాడుతున్నాడు. రెండు వేసవుల కిందటి దాకా కాలువలో అందరికంటే ముందు దూకేవాడు. ఇప్పుడు ఎంత ఎండైనా చొక్కా విప్పడు, గట్టు మీద కూర్చుని మా బట్టలకు కాపలా కాస్తున్నాడు. ఒకరోజు నిద్రలో చూశాను, ఛాతీ ఒకవైపు ఆడపిల్లలకు వచ్చినట్టు ఉబ్బింది. అడిగితే ఏడ్చాడు. ఈ సంగతి అమ్మకు చెప్పవద్దన్నాడు.

చిన్నపిల్లల డాక్టర్, కాకినాడ · జూన్ 28

నాయనా, నువ్వు గమనించావు, అడిగావు, అదే సగం వైద్యం. యుక్తవయసులో చాలామంది మగపిల్లలకు కొన్నాళ్లు ఛాతీ గట్టిపడి ఉబ్బుతుంది, ఒకటి రెండేళ్లలో చాలామటుకు దానంతట అదే తగ్గుతుంది. ఎఫావిరెంజ్ వల్ల కూడా ఇలా రావడం తెలిసిన విషయమే. రెండూ కలిసి ఉండవచ్చు. చేత్తో తాకి చూస్తే అది గ్రంథి వాపా, ఉత్త కొవ్వా అన్నది డాక్టరుకు తెలుస్తుంది. ఎఫావిరెంజ్ ఉన్న చాలామందిని ఇప్పుడు డోలుటెగ్రవిర్‌కు మారుస్తున్నారు. తమ్ముడిని తీసుకెళ్లి అడుగు. తెర వేసిన గదిలో, మగ డాక్టరు చూస్తే బాగుంటుందని ముందే చెప్పవచ్చు, అందులో తప్పేమీ లేదు.

కౌన్సెలర్ అక్క · జూన్ 30

పిల్లల బరువు, పొడవు ప్రతిసారీ కేంద్రంలో చూస్తారు, మందు మోతాదు బరువును బట్టి ఉంటుంది కనుక. కానీ నడుము, జబ్బ చుట్టుకొలత అన్నిచోట్లా చూడరు. నేను తల్లులకు ఒక పని చెబుతుంటాను. దర్జీ దగ్గర ఉండే కొలత టేపు ఒకటి, పాత నోటుపుస్తకం ఒకటి. నెలకొకసారి, అదే రోజున, అదే వేళకు, బొడ్డు దగ్గర నడుము చుట్టు, భుజానికీ మోచేతికీ నడుమ జబ్బ చుట్టు కొలిచి రాయండి. పొడవుకు పిల్లవాడిని చెప్పులు లేకుండా మడమలు గోడకు ఆనించి నిలబెట్టి, తల మీద అట్టపుస్తకం బల్లపరుపుగా పెట్టి, గోడ మీద పెన్సిల్‌తో గీత గీయండి. యుక్తవయసు రాకముందు పిల్లలు ఏడాదికి సుమారు అయిదారు సెంటీమీటర్లు పెరుగుతారు. నాలుగు కూడా పెరగకపోతే ఆ పుస్తకం తీసుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఆడపిల్లకు పదమూడేళ్లు నిండినా రొమ్ము మొగ్గ రాకపోయినా, పదిహేనేళ్లకు రజస్వల కాకపోయినా, మగపిల్లవాడికి పద్నాలుగేళ్లు నిండినా వృషణాలు పెరగడం మొదలు కాకపోయినా అడగవలసిందే.

పిన్ని గారు రాసిన "నోరు రాలేదు" అన్న మాట నన్ను వదలడం లేదు. అది ఆవిడ తప్పు కాదు. నలుగురు కూర్చున్న చోట పిల్లవాడి జబ్బు పేరు చెప్పమనడం ఎవరికైనా కష్టమే. 2017లో వచ్చి 2018 సెప్టెంబరు నుంచి అమలులో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం వైద్యులు ఈ సంగతిని రహస్యంగా ఉంచాలి, వైద్యంలో వివక్ష చూపకూడదు. అయినా నోరు రాని వేళ కోసం ఒక చిన్న ఉపాయం ఉంది. పిల్లవాడు వాడే మందుల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి మడిచి, కొత్తగా మందు రాసే ప్రతి డాక్టరు చేతిలో పెట్టండి. పేర్లు చూస్తే వారికే అర్థమవుతుంది, పైకి పలకవలసిన పని లేదు. అనుమానాలుంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, పేరు చెప్పనక్కరలేదు.

భీమవరం అమ్మాయి · జూలై 2

ఆ కాగితం ఉపాయం నా పర్సులో ఎనిమిదేళ్లుగా ఉంది అక్కా. పళ్ల డాక్టరు దగ్గర కూడా అదే ఇస్తాను. ఇప్పుడు నేను టెనోఫోవిర్ వాడుతున్నాను కనుక ఎముకల గురించి కూడా అడుగుతుంటాను; విటమిన్ డి తక్కువని తేలితే మందు ఇచ్చారు. ముమ్మిడివరం అన్నయ్యా, మీ తమ్ముడు అమ్మకు చెప్పవద్దన్నాడు కానీ మీకు చెప్పాడు. నాకు అలా చెప్పుకునేవారు ఉండి ఉంటే ఆ మాత్రలు బోదెలో పడేవి కావు.

లంకగట్టు పిన్ని · నవంబరు 9

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. జూన్ 24న ఏఆర్‌టీ కేంద్రానికి స్ప్రే సీసాతో వెళ్లాము. వాళ్లు హార్మోన్ల డాక్టరు దగ్గరకు పంపించారు. ఉదయం తీసిన రక్తంలో కార్టిసాల్ ఉండవలసినదానికంటే చాలా తక్కువగా ఉంది. డాక్టర్ గారు ఇక్కడ చెప్పినట్టే, ముందు హైడ్రోకార్టిసోన్ మాత్రలు మొదలుపెట్టి, ఆ తరవాత ఫ్లూటికసోన్ మాన్పించి, తుమ్ములకు ఉప్పునీళ్ల స్ప్రే, వేరే మాత్ర ఇచ్చారు. ఏఆర్‌టీ మందు మార్చాలా అన్నది నిపుణుల ప్యానెల్‌కు పంపారు. అడ్రినల్ గ్రంథులు కోలుకున్నాకే ఆ మార్పు సంగతి చూద్దామన్నారు. జ్వరం, వాంతులు వస్తే మాత్ర మోతాదు పెంచాలని రాసిన కార్డు వాడి స్కూలు సంచిలో ఉంది. క్లాసు టీచరుకు స్టెరాయిడ్ సంగతి వరకు చెప్పాను.

భీమవరం అమ్మాయి చెప్పాక వాడితో మాట్లాడాను. వానాకాలం మొదట్లో, కరెంటు పోయిన ఒక రాత్రి, వీధి అరుగు మీద కూర్చుని "నీ ఒళ్లు ఎందుకిలా అయిందో నీకేమైనా అనిపిస్తోందా" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత "అమ్మ చివరలో ఇలాగే ఉబ్బింది కదా పిన్నీ" అన్నాడు. ఇన్ని నెలలుగా వాడు ఆ మాట లోపల పెట్టుకుని తిరిగాడు. అది వేరు, ఇది వేరు అని, స్ప్రే సంగతంతా నాకు అర్థమైనట్టు చెప్పాను. మర్నాడు సీసా మీది అక్షరాలు తానే చదివి, నోటుపుస్తకంలో రాసుకున్నాడు. ఇప్పుడు కొలతలు వాడే రాస్తున్నాడు.

నడుము జూలై నుంచి నాలుగు సెంటీమీటర్లు తగ్గింది. ముఖం తీసింది. మెడ వెనక గడ్డ ఇంకా ఉంది, మెత్తబడింది. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువే ఉన్నాయి, జనవరిలో మళ్లీ చూస్తారు. గోడ మీద జూలై గీతకూ ఈ నెల గీతకూ మధ్య నా రెండు వేళ్ల ఎడం ఉంది. నిన్న స్కూలుకు వెళ్తూ ప్యాంటు కిందికి లాగుకుంటున్నాడు. చీలమండ పైకి వచ్చేసింది. దర్జీని అడిగితే మడతలో కుట్టు విప్పితే ఇంకో అంగుళం వస్తుందన్నాడు.